సూదులతో మత్తు నిజమేనా? షాంఘై ఆపరేషన్ థియేటర్ నుంచి స్వీడన్ పక్షవాతం వార్డు దాకా

ఈ ఎపిసోడ్ ఒక పాత వీడియోతో మొదలుపెడదాం.

2006 జనవరిలో బీబీసీ టూ ఛానల్‌లో ప్రత్యామ్నాయ వైద్యాల మీద ఒక సిరీస్ వచ్చింది. అందులో ఒక సీన్ చాలామందికి గుర్తుండిపోయింది. చైనాలో షాంఘై నగరం, ఒక ఆపరేషన్ థియేటర్. టేబుల్ మీద ఒక యువతి. ఛాతీ తెరిచి గుండె ఆపరేషన్ చేస్తున్నారు. కానీ ఆమె మెలకువగానే ఉంది. పూర్తి మత్తు ఇవ్వలేదు. ఒంటికి సూదులు గుచ్చి, వాటికి కరెంటు వైర్లు తగిలించారు. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మీరు చూసినా అంతే, ఫార్వర్డ్ కొట్టకుండా ఉండలేరు.

తర్వాత సైమన్ సింగ్ అనే సైన్స్ రచయిత ఒక చిన్న పని చేశాడు. ఆ అమ్మాయికి సూదులు కాకుండా ఇంకేం ఇచ్చారో ఆరా తీశాడు. మిడాజోలామ్, డ్రోపెరిడాల్, ఫెంటానిల్ అనే మూడు బలమైన మందులు నరంలోకి ఇచ్చారు. అవి చాలక ఛాతీ దగ్గర లోకల్ మత్తు ఇంజెక్షన్లు గట్టిగానే పొడిచారు. ఫెంటానిల్ అంటే మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు పవర్ ఉన్న నొప్పి మందు. ఇవన్నీ ఇచ్చాక, నొప్పి ఆపింది సూదులా, మందులా? వీడియో ఎన్నిసార్లు రివైండ్ చేసినా ఆ సంగతి తేలదు. సూదులు తీసేసి, మిగతా మందులన్నీ అలాగే ఉంచి ఇంకో ఆపరేషన్ చేస్తే తెలుస్తుంది.

ఈ ఎపిసోడ్ మొత్తానికి ఒకటే ప్రశ్న: "దేనితో పోల్చి?" సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన విషయమే. కొత్త ఫీచర్ పెట్టాం, సేల్స్ పెరిగాయి అంటే మేనేజర్ చప్పట్లు కొట్టడు. సగం మందికి పాత పేజీ చూపించావా, వాళ్ళ సేల్స్ ఎంత అని అడుగుతాడు. వైద్యంలో ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆక్యుపంక్చర్ చరిత్రలో ఆ ప్రయాణం భలే స్పష్టంగా కనిపిస్తుంది. ఆఖర్లో పక్షవాతం దగ్గరికి వస్తాం. అక్కడ ఈ ప్రశ్నకి ప్రాణం విలువ ఉంది, అందుకే చివరిదాకా ఉండండి.

ముందు మత్తు సంగతి

అనస్థీషియాని మనం తేలిగ్గా "మత్తు" అనేస్తాం. నిజానికి పెద్ద ఆపరేషన్లలో డాక్టర్లు నాలుగు పనులు ఒకేసారి చేస్తారు. నొప్పి తెలియకుండా చేయడం, స్పృహ లేకుండా చేయడం, జరిగింది గుర్తుండకుండా చేయడం, కండరాలు కదలకుండా వదులు చేయడం. ఈ నాలుగూ వేరువేరు. ఒక్కోదానికి మెదడులో, నరాల్లో ఒక్కో చోటు, ఒక్కో మందు. కాబట్టి ఎవరైనా "సూదులతో మత్తు ఇచ్చాం" అంటే వెంటనే అడగాల్సింది, ఈ నాలుగులో ఏది ఇచ్చారు? ఆక్యుపంక్చర్ మనిషిని నిద్రపుచ్చుతుందని దాన్ని నడిపించినవాళ్ళు కూడా అనలేదు. వాళ్ళు చెప్పింది నొప్పి తగ్గుతుందనే.

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పళ్ళ డాక్టర్ ఈథర్ పీల్పించి జనం ముందు ఆపరేషన్ చేయించాడు. అంతకుముందు సర్జరీ అంటే నలుగురు మనుషులు పేషెంట్‌ని గట్టిగా పట్టుకోవడమే. ఈథర్ వచ్చాక ఆ బాధ పోయింది కానీ కొత్త భయం మొదలైంది. మత్తు ఎక్కువైతే ఊపిరి ఆగుతుందేమో, మెదడు దెబ్బతింటుందేమో అని. మందు లేకుండా నొప్పి ఆపే దారి ఉందని చైనా చెప్పినప్పుడు ప్రపంచం అంత ఆశగా విన్నదంటే, దాని వెనక ఈ భయం కూడా ఉంది.

ప్రాచీనం అనుకుంటాం, కానీ 1958

సూదులతో ఆపరేషన్ వేల ఏళ్ళ నాటి విద్య అని చాలామంది అనుకుంటారు. సూదులు పాతవే, నిజం. వాటితో సర్జరీ మాత్రం కొత్తది. సుమారు 1800 ఏళ్ళ కిందట చైనాలో హువా తువో అనే పేరున్న వైద్యుడు ఉండేవాడు. సూదులు వేయడంలో దిట్ట. అయినా కడుపు కోయాల్సి వస్తే ఆయన "మాఫెయ్‌సాన్" అనే పొడిని సారాలో కలిపి తాగించేవాడని పాత చరిత్ర గ్రంథాలు చెప్తున్నాయి. సూదులతోనే పనైపోతే ఆ పొడి ఎందుకు?

అంతే కాదు, చైనాలోనే ఆక్యుపంక్చర్‌ని పక్కనపెట్టిన రోజులున్నాయి. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో ఆ విభాగాన్ని మూసేయించాడు. 1929లో అప్పటి ప్రభుత్వ ఆరోగ్య కమిటీ సంప్రదాయ వైద్యాన్ని మొత్తంగా ఎత్తేయాలని తీర్మానం పెట్టింది. వైద్యులు రోడ్డెక్కడంతో ఆగింది.

1949లో కమ్యూనిస్టులు వచ్చారు. కోట్ల జనాభా, చాలినంతమంది ఆధునిక డాక్టర్లు లేరు, మందులకి డబ్బు లేదు. ఉన్న వనరు పల్లెల్లోని సంప్రదాయ వైద్యులే. అందుకే మావో ఆ వైద్యాన్ని దేశపు నిధి అని పొగిడి, రెండు వైద్యాల్ని కలపమన్నాడు. ఆయన పర్సనల్ డాక్టర్ లీ జిసుయ్ 1994లో వచ్చిన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. సంప్రదాయ వైద్యాన్ని ప్రోత్సహించాలన్న మావో, తను మాత్రం దాన్ని నమ్మనని, ఆ మందులు వాడనని చెప్పాడట.

1958లో షాంఘైలో గొంతులో టాన్సిల్స్ తీసే డాక్టర్లు ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికి సూదులు వేసి చూశారు. తగ్గినట్టు అనిపించింది. అయితే ఆపరేషన్ ముందే వేస్తే? అలా మత్తు ఇంజెక్షన్ బదులు సూదులతో టాన్సిల్స్ తీశారు. ఆ సంవత్సరం చూడండి, 1958. చైనాలో "గ్రేట్ లీప్ ఫార్వర్డ్" మొదలైన ఏడు. ప్రతి ఊరు, ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి ఆసుపత్రి ఏదో ఒక అద్భుతం చేసి చూపించాలన్న ఒత్తిడి. పనిచేయలేదు అని రిపోర్ట్ రాసే ధైర్యం ఎవరికుంటుంది? 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చాక ఒత్తిడి ఇంకా పెరిగింది. సూదుల మత్తు వైద్యంతో పాటు దేశభక్తికి కూడా గుర్తైపోయింది.

ఒక జర్నలిస్టు కడుపునొప్పి

ఇక 1971కి వద్దాం. అమెరికాకి, చైనాకి మాటల్లేని కాలం. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో జేమ్స్ రెస్టన్ అంటే పెద్ద పేరు. జూలైలో ఆయన చైనాలో ఉన్నాడు. అధ్యక్షుడు నిక్సన్ మనిషి హెన్రీ కిసింజర్ రహస్యంగా బీజింగ్ వచ్చి వెళ్ళాడన్న వార్త బయటికొచ్చింది. అంత పెద్ద న్యూస్ తను ఉన్న దేశంలోనే జరిగింది, తనకి తెలియలేదు. ఆ మాట విన్న క్షణంలోనే మొదటిసారి గజ్జల్లో పోటు వచ్చిందని ఆయనే సరదాగా రాసుకున్నాడు.

అది అపెండిసైటిస్. బీజింగ్‌లో "సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి"లో చేర్చారు. అమెరికాలో రాక్‌ఫెల్లర్ డబ్బుతో కట్టిన ఆసుపత్రికే చైనా తర్వాత ఆ పేరు పెట్టింది, అదో తమాషా. అక్కడ అపెండిక్స్ తీసేశారు. ఆపరేషన్ సూదులతో జరగలేదు. వీపులో మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే చేశారు. మర్నాడు రాత్రి కడుపు ఉబ్బరంగా, ఇబ్బందిగా ఉంటే అప్పుడు సూదులు వచ్చాయి. కుడి మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద గుచ్చి తిప్పారు. ఒక మూలికని కాల్చి పొట్ట దగ్గర సెగ పెట్టారు. గంటలో ఉబ్బరం తగ్గింది. కడుపులో గ్యాస్ పోవడానికి ఇంత తతంగమా అని తనకే అనిపించిందని కూడా రాశాడు.

జూలై 26న ఆ కథనం అచ్చయింది. అపోలో 15 చంద్రుడి వైపు బయల్దేరిన రోజే. చదివినవాళ్ళు ఏం గుర్తుపెట్టుకున్నారు? "అమెరికా జర్నలిస్టుకి సూదులతో ఆపరేషన్ చేశారట!" ఇప్పటికీ చాలాచోట్ల ఇదే తిరుగుతుంది. రెస్టన్ అబద్ధం చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టే రాశాడు. కథ నోటి నుంచి నోటికి మారుతూ గ్యాస్ నొప్పి కాస్తా సర్జరీ అయిపోయింది. పైగా ఆపరేషన్ తర్వాత ఉబ్బరం సూదులు లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో తగ్గేదే. దేనితో పోల్చి?

1972 ఫిబ్రవరిలో నిక్సన్ స్వయంగా చైనా వెళ్ళాడు. ఆయన డాక్టర్ వాల్టర్ ట్కాచ్ అక్కడ సూదులతో జరిగిన ఆపరేషన్లు చూసి, పనిచేస్తోందని రీడర్స్ డైజెస్ట్‌లో రాశాడు. అమెరికా మొత్తం ఊగిపోయింది. మన దేశానికి మాత్రం ఈ విద్య అంతకుముందే చేరింది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి సాయంగా భారత్ నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్ళారు. వాళ్ళలో కొట్నీస్ పేరు సినిమా వల్ల చాలామందికి తెలుసు. ఆయనతో వెళ్ళిన బెంగాలీ డాక్టర్ బి.కె. బసు, 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు.

రెజ్లర్ డాక్టర్ చూసింది

1973లో జాన్ బోనికా చైనా వెళ్ళాడు. ఈయన కథే ఒక ఎపిసోడ్‌కి సరిపోతుంది. మెడిసిన్ చదువుకి డబ్బుల కోసం ముసుగేసుకుని రెజ్లింగ్ చేసిన మనిషి. తర్వాత అనస్థీషియా డాక్టరై, నొప్పి మీద రీసెర్చ్‌కి ప్రపంచంలోనే పెద్ద దిక్కయ్యాడు. ట్కాచ్ చూసిన చోట బోనికా లెక్కలు అడిగాడు. మొత్తం ఆపరేషన్లలో ఎన్నింటికి సూదులు వాడుతున్నారు? చిన్న భాగానికే. ఎవరికి? ముందే ఎంచిన పేషెంట్లకి. నమ్మకం ఉండి, భయపడనివాళ్ళని ఎంచి, ఏం జరుగుతుందో కొన్ని రోజుల ముందే వివరించి, ఎలా ఊపిరి తీసుకోవాలో నేర్పి తీసుకొచ్చేవాళ్ళు. చాలామందికి నొప్పి మందో, నిద్ర మందో, అవసరమైతే లోకల్ ఇంజెక్షనో ఇచ్చేవాళ్ళు.

మా ఫీల్డ్ భాషలో చెప్పాలంటే క్లయింట్‌కి చూపించే డెమో అది. డెమోలో ఏ బటన్ నొక్కాలో ముందే ప్రాక్టీస్ చేసి ఉంటాం. అసలు యూజర్ చేతికి వెళ్ళాక వేరే కథ. 1976లో మావో చనిపోయాక, ఒత్తిడి తగ్గాక, చైనా ఆసుపత్రుల్లోనే ఈ పద్ధతి వాడకం బాగా పడిపోయింది.

కుందేలు నుంచి కుందేలుకి

ఇక్కడితో "అంతా డ్రామా" అని వీడియో ఆపేస్తే కథలో సగమే విన్నట్టు. ఎందుకంటే అదే చైనాలో ఒకాయన సరైన ప్రశ్న అడిగాడు. పేరు హాన్ జీషెంగ్, బీజింగ్ మెడికల్ కాలేజీలో శరీరధర్మ శాస్త్రవేత్త. 1965లో ఆయనకి ఈ పని అప్పజెప్పారు. పేషెంట్లని వదిలేసి ఆరోగ్యంగా ఉన్న మెడికల్ స్టూడెంట్లని తీసుకున్నాడు. చర్మం మీద చిన్నగా నొప్పి పుట్టించి, ఎంత వరకు తట్టుకుంటున్నారో కొలిచాడు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉండే "హెగూ" అనే చోట సూది వేసి మళ్ళీ కొలిచాడు. పక్కన సూది వేయని గ్రూపు కూడా ఉంది.

నొప్పి తట్టుకునే హద్దు నెమ్మదిగా పెరుగుతూ అరగంటకి పైకి చేరింది. సూది తీశాక వెంటనే పడిపోలేదు. దాదాపు 16 నిమిషాలకి సగం చొప్పున మెల్లగా దిగింది. సూది గుచ్చే చోట ముందే ప్రొకెయిన్ అనే లోకల్ మత్తు ఇస్తే ఈ ప్రభావం రాలేదు. అంటే నరాల ద్వారానే ఏదో జరుగుతోంది. అంత నిదానంగా ఎక్కి, అంత నిదానంగా దిగేది ఏదో రసాయనం అయి ఉండాలని హాన్‌కి అనిపించింది.

దాన్ని పట్టుకోవడానికి కుందేళ్ళని తీసుకున్నాడు. ఒక కుందేలుకి ఆక్యుపంక్చర్ ఇచ్చి, దాని మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, సూది ముఖమే చూడని ఇంకో కుందేలు మెదడులోకి ఎక్కించాడు. రెండో కుందేలుకి కూడా నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది! కుందేలుకి మావో మీద భక్తి ఉండదు, సూదుల మీద నమ్మకం ఉండదు కదా. ఈ పరిశోధన 1970ల మొదట్లో అచ్చైనప్పుడు శాస్త్రవేత్తల పేర్లు లేవు. ఫలానా కాలేజీ పరిశోధన బృందం అని మాత్రమే ఉంది. అప్పటి రోజులు అవి.

ఇటు పశ్చిమంలో 1973లో మెదడులో మార్ఫిన్ లాంటి మందులు అతుక్కునే రిసెప్టర్లు దొరికాయి. 1975లో స్కాట్లాండ్‌లో జాన్ హ్యూజ్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదడు నుంచి మన ఒళ్ళే తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి పదార్థాన్ని పట్టుకున్నారు. ఈ కుటుంబాన్నే ఎండార్ఫిన్లు అంటాం. 1976లో టొరంటోలో బ్రూస్ పోమెరాంజ్ బృందం ఎలుకల్లో, 1977లో అమెరికాలో డేవిడ్ మేయర్ బృందం మనుషుల్లో ఒక పరీక్ష చేసింది. మార్ఫిన్‌ని విరగ్గొట్టే నాలొక్సోన్ అనే మందు ఇస్తే, ఆక్యుపంక్చర్ వల్ల తగ్గిన నొప్పి మళ్ళీ వచ్చేసింది. అంటే సూదులు మెదడు చేత సొంత మార్ఫిన్ విడుదల చేయిస్తున్నాయి. కేసు క్లోజ్ అనుకున్నారు చాలామంది.

1978లో ట్విస్ట్ వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ లెవిన్ అనే పరిశోధకుడి బృందం జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళకి నొప్పి మందు పేరుతో మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చింది. కొందరికి నొప్పి తగ్గింది. దీన్నే ప్లసీబో అంటారు. తర్వాత నాలొక్సోన్ ఇస్తే ఆ తగ్గిన నొప్పి కూడా తిరిగొచ్చింది. అంటే నొప్పి తగ్గుతుందన్న నమ్మకం కూడా అదే సొంత మార్ఫిన్‌ని వదులుతుంది. కాబట్టి ఎండార్ఫిన్ వచ్చిందని చూపించినంత మాత్రాన ఆ ఫలానా పాయింట్, ఆ ఫలానా నాడి గొప్పదని రుజువు కాదు. మళ్ళీ మన ప్రశ్న దగ్గరికే వచ్చాం.

నాటకాల కత్తి

మాత్రకైతే ప్లసీబో తేలిక, పంచదార బిళ్ళ ఇవ్వొచ్చు. సూదికి ప్లసీబో ఎలా? గుచ్చితే తెలిసిపోతుంది, గుచ్చకపోయినా తెలిసిపోతుంది. 1998లో జర్మనీలో కొన్రాడ్ స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. నాటకాల్లో పొడిస్తే పిడిలోకి వెళ్ళిపోయే కత్తి ఉంటుంది చూడండి, అలాంటి సూది. మొన మొద్దుగా ఉంటుంది. చర్మానికి తగిలి చురుక్కుమంటుంది కానీ లోపలికి దిగదు. చూడ్డానికి దిగినట్టే ఉంటుంది.

ఇలాంటి దొంగ చికిత్సతో పోల్చే పెద్ద పరీక్షలు 2000 తర్వాత జర్మనీలో జరిగాయి. నడుము నొప్పి మీద చేసిన దాంట్లో 1162 మంది. ఒక గ్రూపుకి శాస్త్రప్రకారం సరైన పాయింట్లలో సూదులు, రెండో గ్రూపుకి కావాలని పాయింట్లు కాని చోట పైపైన సూదులు, మూడో గ్రూపుకి మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలలకి మెరుగైనవాళ్ళు వరసగా 47.6 శాతం, 44.2 శాతం, 27.4 శాతం. ఆక్యుపంక్చర్ అభిమానులు మొదటి, మూడో నంబర్లు చూపిస్తారు. విమర్శకులు మొదటి, రెండో నంబర్లు చూపిస్తారు. రెండు గ్రూపులకీ మీరిప్పుడు అడగగలరు, దేనితో పోల్చి? సూదులు వేయించుకున్న అనుభవం మామూలు చికిత్స కంటే ఊరటనిచ్చింది. కానీ ఎక్కడ గుచ్చారన్నది పెద్ద తేడా తేలేదు.

పనిచేసిన చోటు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మణికట్టు లోపలివైపు కాస్త పైన ఒక పాయింట్ ఉంది. ఆపరేషన్ తర్వాత వాంతులు, వికారం తగ్గడానికి అక్కడ సూది వేయడమో, నొక్కడమో చేస్తారు. 1980లలో ఉత్తర ఐర్లాండ్‌లో జాన్ డండీ అనే అనస్థీషియా డాక్టర్ దీన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు. 2015లో కోక్రేన్ సంస్థ 59 పరీక్షలు, 7667 మంది లెక్కలు కలిపి చూస్తే దొంగ చికిత్స కంటే మెరుగ్గానే తేలింది.

ఇంకో షాకింగ్ సంగతి. 1998లో ఆండ్రూ విక్కర్స్ అనే పరిశోధకుడు ఏ దేశం నుంచి ఎలాంటి ఫలితాలు వస్తున్నాయో లెక్కతీశాడు. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్ నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షల్లో ప్రతి ఒక్కటీ సక్సెస్. ఒక్కటి కూడా ఫెయిల్ లేదు. ఏ టెస్ట్ సూట్ అయినా ఎప్పుడూ నూటికి నూరు పాస్ అవుతుంటే మేం కోడ్‌ని కాదు, టెస్ట్‌ని అనుమానిస్తాం.

మత్తు మెదడుని పాడుచేస్తుందా?

ఇదే ప్రశ్నని అసలు మత్తుమందుల మీదికి తిప్పి చూద్దాం. "ఆపరేషన్ అయినప్పటినుంచి నాన్నకి మతిమరుపు వచ్చింది" అనే మాట మీరు ఎక్కడో విని ఉంటారు. 1955లోనే ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ అనే డాక్టర్ వృద్ధుల కుటుంబాలు చెప్పే ఈ మాటని సీరియస్‌గా తీసుకుని పత్రం రాశాడు. 1998లో పెద్ద అంతర్జాతీయ పరిశోధన వచ్చింది. 60 దాటిన 1218 మందికి ఆపరేషన్ ముందు, తర్వాత జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. వారానికి 25.8 శాతం మంది, మూడు నెలలకి 9.9 శాతం మంది వెనకబడ్డారు. ఆపరేషన్ జరగని అదే వయసువాళ్ళలో సుమారు 3 శాతమే. కాబట్టి ఆ కుటుంబాలది భ్రమ కాదు.

మరి దోషం మత్తుదేనా? 2003లో అదే బృందం పోల్చి చూసింది. కొందరికి పూర్తి మత్తు, కొందరికి ఆ భాగం వరకే మొద్దుబార్చే ఇంజెక్షన్. మూడు నెలలకి రెండు గ్రూపుల్లోనూ సుమారు 14 శాతం. తేడా లేదు. అంటే మత్తు ఒక్కటే దొంగ కాదు. ఆపరేషన్ వల్ల ఒంట్లో వచ్చే వాపు, వయసు, ముందునుంచే ఉన్న మెదడు బలహీనత, నిద్ర చెడిపోవడం, అన్నీ అనుమానితులే. మత్తుకి భయపడి అవసరమైన ఆపరేషన్ వాయిదా వేసే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి చెప్పండి.

పక్షవాతం: తన రిజల్ట్ తనే పరీక్షించుకున్న డాక్టర్

ఇప్పుడు అసలు విషయం. స్ట్రోక్, మనం పక్షవాతం అంటాం. మెదడుకి వెళ్ళే రక్తనాళం మూసుకుపోవడమో, పగలడమో జరుగుతుంది. 1970ల మొదట్లో చైనాలోని షాన్‌షీ ప్రాంతంలో జావ్ షున్‌ఫా అనే డాక్టర్ కొత్త పద్ధతి తెచ్చాడు. మెదడులో చేతుల్ని, కాళ్ళని కదిలించే భాగం ఎక్కడుందో ఆధునిక మ్యాప్ తీసుకుని, దానికి పైన తల చర్మంలో సూదులు వేయడం. పక్షవాతం పేషెంట్ చేయి ఎత్తే కేసులు చాలా ప్రచారమయ్యాయి.

ఇక్కడో చిక్కుంది. స్ట్రోక్ వచ్చి బతికినవాళ్ళలో చాలామంది మొదటి వారాల్లో, నెలల్లో ఎంతో కొంత వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. వాపు తగ్గుతుంది, మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది. ఆ టైంలో సూది వేసినవాళ్ళకి, ఆకుపసరు పోసినవాళ్ళకి, నూనె మర్దన చేసినవాళ్ళకి, తాయెత్తు కట్టినవాళ్ళకి, ఎవరు పక్కనుంటే వాళ్ళకి పేరొస్తుంది. బాగుపడ్డ మనిషి అబద్ధం చెప్పడు. చికిత్స చేసినవాడు కూడా మోసగాడు కానక్కర్లేదు.

1993లో స్వీడన్‌లోని లుండ్‌లో బార్బ్రో యోహాన్సన్ అనే డాక్టర్ బృందం 78 మంది మీద పరీక్ష చేసింది. అందరికీ ఫిజియోథెరపీ ఇచ్చి, సగం మందికి అదనంగా పది వారాలు ఆక్యుపంక్చర్ ఇచ్చారు. ఫలితం అదిరింది. సూదుల గ్రూపు త్వరగా కోలుకుంది, నర్సింగ్ హోముల్లో తక్కువ రోజులు ఉంది. చైనాలో కాదు, స్వీడన్‌లో. లాటరీ పద్ధతిలో గ్రూపులు విడగొట్టి మరీ. ఎవరైనా ఇక్కడ ఆగిపోయి జీవితాంతం కాన్ఫరెన్సుల్లో ఇదే స్లైడ్ చూపించుకోవచ్చు.

కానీ ఒక లోటు ఉంది. సూదులు పడనివాళ్ళకి ఆ అదనపు గంటలు, ఆ పలకరింపు, ఆ ఆశ కూడా దొరకలేదు. 1998లో స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్‌లో మరో బృందం 104 మందిని మూడుగా విడగొట్టింది. లోతైన సూదులు, పైపైన సూదులు, అసలు సూదులు లేకుండా. మూడింటికీ తేడా రాలేదు. ఇక యోహాన్సన్ తన రిజల్ట్‌ని తనే మళ్ళీ పరీక్షకి పెట్టింది. ఈసారి పలు ఆసుపత్రులు, 150 మంది. ఒక గ్రూపుకి ఆక్యుపంక్చర్, ఒక గ్రూపుకి కండరాలు అదిరేంత కరెంటు, మూడో గ్రూపుకి మెషీన్ తగిలిస్తారు కానీ తెలియనంత తక్కువ కరెంటు. అందరికీ సమానంగా అన్నే సిట్టింగ్‌లు, అంతే శ్రద్ధ. 2001లో ఫలితం అచ్చయింది: మూడు గ్రూపులకీ తేడా లేదు. తన పేరు నిలబెట్టిన ఫలితాన్ని తనే కొట్టేసే పేపర్‌ని ఆవిడ అచ్చు వేయించింది. ఈ ఎపిసోడ్‌లో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం కలిగిన మనిషి ఈవిడే.

2016లో కోక్రేన్ సమీక్ష స్ట్రోక్ తర్వాత కోలుకోవడంలో ఆక్యుపంక్చర్ మీద 31 పరీక్షలు, 2257 మంది లెక్కలు చూసింది. కొంత మేలు కనిపించవచ్చు, కానీ చాలా పరీక్షల నాణ్యత తక్కువ కాబట్టి మామూలుగా వాడమని చెప్పేంత రుజువు లేదని తేల్చింది.

మరి రుజువైంది ఏంటి? 1995లో అమెరికాలో 624 మంది మీద జరిగిన పరీక్షలో గడ్డని కరిగించే టీపీఏ ఇంజెక్షన్‌ని 3 గంటల లోపు ఇస్తే, ఉత్త ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళకంటే ఎక్కువమంది తమ పనులు తాము చేసుకునేలా కోలుకున్నారని తేలింది. 2008లో ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచొచ్చని ఇంకో పరీక్ష చూపించింది. 2015లో పెద్ద గడ్డలని సన్నటి గొట్టంతో లోపలికి వెళ్ళి లాగేసే పద్ధతి కూడా రుజువైంది. వీటన్నిటికీ ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. మూసుకుపోయిందా, పగిలిందా బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. పగిలినవాళ్ళకి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో ఒక పరిశోధన అంచనా వేసింది. ఫలానా ఊళ్ళో పక్షవాతానికి మందు పోస్తారట అని ఆటో మాట్లాడుకుని వెళ్ళి వచ్చేసరికి ఎన్ని గంటలవుతుంది? ఆ పసరు వల్ల హాని ఉన్నా లేకపోయినా, ఆ గంటలు మాత్రం తిరిగి రావు.

కాబట్టి ఇంట్లో అందరికీ ఇది నేర్పండి. నవ్వమంటే మూతి ఒక పక్కకి వంకర పోతోందా? రెండు చేతులు ఎత్తమంటే ఒకటి జారిపోతోందా? మాట తడబడుతోందా? వీటిలో ఒక్కటి కనిపించినా టైం చూసుకోండి. ఎప్పటిదాకా మామూలుగా ఉన్నారో ఆ టైం డాక్టర్‌కి చాలా ముఖ్యం. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమని అడగండి. నోట్లో నీళ్ళు, మందులు ఏమీ పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తగ్గిపోయినట్టు అనిపించినా వెళ్ళండి. తర్వాత రోజుల్లో ఫిజియోథెరపీ చేయించుకుంటూ, డాక్టర్‌కి చెప్పి, నొప్పుల ఊరట కోసం ఎవరైనా శుభ్రమైన సూదులతో ఆక్యుపంక్చర్ చేయించుకుంటే నేను గొడవపడను. మొదటి నాలుగున్నర గంటల్లో మాత్రం ఆ దారి పట్టొద్దు.

మీ ఇంటి దగ్గర స్ట్రోక్‌కి ట్రీట్‌మెంట్ చేసే, రాత్రిపూట కూడా స్కాన్ తీసే ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టేయండి. ఆ పని అయ్యాకే లైక్, సబ్‌స్క్రైబ్ సంగతి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.